తవిటయ్య కింద ఏడు రోజులు

నేను ఒక సైకిల్ సీటుని. రేకు మీద స్పాంజి పరిచి పైన రెగ్జిన్ తొడిగే రకం కాదు, అసలు సిసలు తోలు సీటుని. ముందే చెప్పేస్తున్నాను, నాకు మీ మనుషుల మీద జాలి లేదు. ఎందుకుండాలి? ఒక దున్నపోతు తోలు ఒలిచి సున్నంలో నానబెట్టారు, తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టారు, తడి ఆరకుండానే ఇనప అచ్చులో పెట్టి బిగించారు. ముందు మూడు, వెనక ఆరు రాగి రివిట్లు కొట్టి, కింద రెండు కమ్మీలు తగిలించి, ముక్కు కింద ఒక బోల్టు పెట్టారు. ఆ బోల్టు బిగిస్తే నేను బిగుస్తాను, వదిలితే సాగుతాను. ఇంత చేసి, నల్లగా మెరిసేలా రుద్ది, దుకాణంలో వేలాడదీశాక వచ్చినవాడల్లా బొటనవేలితో నొక్కి "మెత్తగా ఉంటుందా?" అని అడుగుతాడు. నా పుట్టుకలో మెత్తదనం ఎక్కడుందండీ?

మా జాతి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కొత్త తోలు సీటుకీ చెక్క పీటకీ తేడా లేదు. ఒకే మనిషి రోజూ కాసేపు, ఓపిగ్గా, రెండు మూడు నెలలు తొక్కాలి. అప్పుడు అతని పిర్రల కింద రెండు ఎముకలు ఎక్కడ ఆనుతాయో అక్కడ నాలో రెండు గుంటలు పడతాయి. ఆ తర్వాత నేను అతనికి పరుపుని. ఇంకెవడు కూర్చున్నా వాడికి ముల్లుని. ఈ రెండు మూడు నెలలూ ఆగలేక మీరు పడే హైరానా చూస్తుంటే నాకు నవ్వొస్తుంది.

నన్ను కొన్నవాడి పేరు గురువులు. జనపనార మిల్లున్న ఒక చిన్న ఊళ్ళో లోకనాథం అనే ఆయన సైకిల్ దుకాణంలో నేను వేలాడుతుంటే, దసరా ఉత్సవాలు మొదలయ్యే రోజు పొద్దున్నే వచ్చి నన్ను దింపమన్నాడు. గొంతు పెద్దది, ఒళ్ళు చిన్నది. మాట్లాడేటప్పుడు ఎదురుగా ఒక్క మనిషే ఉన్నా వందమందికి చెబుతున్నట్టుంటుంది.

"ఇయ్యాల ఎక్కిత్తావేటి?" అన్నాడు లోకనాథం. "కొత్త తోలు. రెండు నెల్లు తొక్కితే గాని లొంగదు. ఏడు రోజుల తొక్కుడుకి ఇది పనికిరాదు గురువులూ."

"పాతదాన్ని జనపతాడుతో కట్టినాడు మా బావ. గుడ్డ పేలికలు యేలాడతన్నాయి. మిల్లు మేనేజరు బాబు జెండా ఊపడానికి వత్తన్నాడు. ఆ సీటు మీద కూకుంటే మరియాదగుంటాదేటి?" అన్నాడు గురువులు. పాత సీటుని అక్కడే లోకనాథం తుక్కు కుప్పలో పడేసి, నన్ను పట్టుకుపోయాడు.

ఏడు రోజుల తొక్కుడు అంటే తెలుసు కదా? మైదానంలో సున్నంతో గుండ్రంగా గీత గీస్తారు. చుట్టూ వెదురు కంచె, మధ్యలో పందిరి, మైకు. ఒక మనిషి సైకిలెక్కి ఆ గీత వెంట ఏడు పగళ్ళు, ఆరు రాత్రులు తిరుగుతూనే ఉంటాడు. తిండి దాని మీదే, స్నానం దాని మీదే, గడ్డం గీసుకోవడం దాని మీదే. తక్కిన పనుల గురించి నన్నడక్కండి, నాకు పరువుంది. కాలు నేల తాకిందా, ఆట ముగిసినట్టే. జనం పల్లీలు నములుతూ చూస్తారు. మనిషి తిరగడం చూస్తున్నామని అంటారు గానీ, వాళ్ళు నిజంగా చూసేది ఎప్పుడు పడతాడా అని.

ఆ తిరిగే మనిషి తవిటయ్య. గురువులు చెల్లెలు సన్యాసమ్మ మొగుడు. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు. పన్నెండేళ్ళుగా ఊరూరా ఇదే పని. గురువులు మైకు పట్టుకుంటాడు, సన్యాసమ్మ వండి పెడుతుంది, ఇతను తిరుగుతాడు. కిందటి ఊళ్ళో ఐదో రోజున మూత్రంలో రక్తం పడింది. ఆసుపత్రి డాక్టరు చూసి, మళ్ళీ ఇలాంటిది చేశావంటే నీ కిడ్నీలకి నేను పూచీ కాదని తిట్టి పంపాడు. సరిగ్గా అప్పుడే ఈ ఊరి మిల్లు మేనేజరు ఒక మాటన్నాడు. "మా మైదానంలో ఏడు రోజులు కాలు కింద పెట్టకుండా తిరిగి చూపించు. గేటు కాపలాకి నాకో మనిషి కావాలి. ఏడు రోజులు మెలకువగా ఉండగలిగినవాడి కంటే మంచివాడు దొరకడు." కాకీ బట్టలు, ఈల, కుర్చీ, నెల తిరిగేసరికి జీతం. తవిటయ్యకి అంతకంటే ఏం కావాలి? ఇదే ఆఖరు తొక్కుడని పెళ్ళాం తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

అతను స్నానం చేసి, ఎర్ర బనీను వేసుకుని మైదానంలోకి వచ్చేసరికి నాకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టేశారు. అతను నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇదేటి బావా? నా పాతదేది?"

"పారేసినాను. బేగి ఎక్కు. బాబు జెండా అట్టుకుని నిలబడ్డాడు."

"దీనిమీద నాను ఏడు గంటలు కూకోలేను, ఏడు రోజులెలాగ? దీన్ని ఊడదీయించీ. పాతది తెప్పించీ."

"పూజ సేసిన బండికి పానా ఎడతావేటి? పిచ్చా?"

ఈ మాట ఒక్క గురువులుదే కాదు, ఆ మైదానంలో ఉన్న అందరిదీ. పూజ చేసిన యంత్రాన్ని పని మొదలెట్టకుండా విప్పకూడదు, విప్పితే కీడు. మిల్లులో మగ్గాలకీ అంతే, లారీలకీ అంతే, సైకిలుకీ అంతే. పూజారి కూడా తల అడ్డంగా ఊపాడు. తవిటయ్య సన్యాసమ్మ వైపు చూశాడు. ఆమె నాకు దణ్ణం పెట్టింది. కీడు భయంతో ఒక మనిషిని ఏడు రోజుల నరకానికి సాగనంపడం మీకే చెల్లింది. మేనేజరు పచ్చజెండా ఊపాడు, తవిటయ్య ఎక్కాడు.

మొదటి రోజు మామూలే. వాడు తొక్కుడులో పండినవాడు, కాబట్టి నా మీద బరువంతా వెయ్యకుండా, మోకాళ్ళ మీదా చేతుల మీదా పంచుకుంటూ తిరిగాడు. నేనూ ఊరుకున్నాను. రెండో రోజు పొద్దున్న స్నానం పెట్టారు. తిరుగుతున్నవాడి మీద సన్యాసమ్మ బిందెడు నీళ్ళు పోసింది, జనం ఈలలేశారు. నిక్కరు తడిసి ముద్దయింది. తడి బట్ట, కొత్త తోలు, కింద ఎముక. అంతే, మధ్యాహ్నానికి చర్మం లేచింది. ఆ సంగతి వాడి కంటే ముందు నాకే తెలుసు. చెమట ఉప్పు ఆ పచ్చి చోట తగిలినప్పుడల్లా వాడు పళ్ళు బిగబట్టి పైకి లేచేవాడు, కాసేపటికి తొడలు వణికి మళ్ళీ నా మీదే పడేవాడు. ఎక్కడికి పోతాడు? నేను తప్ప దిక్కులేదు. ఒప్పుకుంటున్నాను, నాకు ఆనందంగానే ఉండేది. అచ్చులో నన్ను బిగించినప్పుడు నా నొప్పి ఎవడడిగాడు?

మూడో రోజు సన్యాసమ్మ తన పాత చీర మడతలు పెట్టి తెచ్చింది. అతను లేచినప్పుడు పక్కనే పరిగెడుతూ నా మీద పరిచింది. పది చుట్లు తిరిగేసరికి అది ఉండలు చుట్టుకుని, మడతలు సరిగ్గా పుండు మీదికి వచ్చాయి. తీసి విసిరేశాడు. కంచె దగ్గర నిలబడ్డ ముసలాయన ఒకడు, "ఆముదం పొయ్యండమ్మా, తోలు మెత్తబడతాది" అని ఉచిత సలహా ఇచ్చాడు. మీలో ఈ జాతివాళ్ళకి ఎప్పుడూ కొరత లేదు. సన్యాసమ్మ అరసీసా ఆముదం నా మీద గుమ్మరించింది.

తోలుకి నూనె రాయాలి, నిజమే. వేలి కొసతో, అడుగు వైపు, పొడిగా తుడిచి. అరసీసా పోస్తే ఏమవుతుంది? గటగటా తాగేశాను. సాయంత్రానికి మధ్యలో నులకమంచంలా జారిపోయాను. అప్పుడు వాడు నాలో దిగబడిపోయాడు, వెనక ఇనప బద్దీ, దాని మీద ఆరు రివిట్లూ వాడికి తగలడం మొదలెట్టాయి. అప్పటిదాకా నేను పెట్టింది బాధే కాదు, ఇదీ బాధంటే.

"సచ్చిపోతన్నానే" అన్నాడు వాడు పెళ్ళాం పక్కనుంచి వెళుతూ, పెదవులు కదలకుండా.

"దిగిపో మావా. ఉజ్జోగం లేపోతే లేపోయింది. దిగిపో." ఆమె ఏడుస్తూ వెంట పరిగెత్తింది.

"దిగితే ఇంకో ఊల్లో ఎక్కాల గదే" అన్నాడు. అది నిజం. ఇప్పుడు దిగకుండా ఉంటేనే ఎప్పటికీ దిగిపోవడం.

అప్పుడు గురువులు బుర్ర పనిచేసింది. పూజ చేసిన బండికి పానా పెట్టకూడదన్న పెద్దమనిషే పానా పట్టుకుని మైదానంలోకి దిగాడు. నా ముక్కు కింద బోల్టు బిగించాలి, అదీ సైకిలు కదులుతుండగా. వంగి పక్కన పరిగెడతాడు, పానా తగిలిస్తాడు, పావు చుట్టు తిప్పుతాడు, తవిటయ్య మోకాలు వచ్చి వాడి దవడకి తగులుతుంది, వాడు బోర్లా పడతాడు. ఏడు రోజుల్లోనూ జనం అంతగా నవ్విన ఘట్టం ఇంకోటి లేదు. "ఇంకోపాలి, ఇంకోపాలి!" అని అరిచారు. నాలుగో రోజంతా పడుతూ లేస్తూ మూడు చుట్లు బిగించాడు. వాడు చేసిన పనుల్లో పనికొచ్చింది ఇదొక్కటే, అది నేను కాదనను.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. నేను అనుకోలేదు. రోజూ స్నానం నీళ్ళు, ఆ పైన ఆముదం, చెమట, ఎండ, బోల్టు బిగింపు, ఇరవైనాలుగు గంటలూ ఒకే మనిషి బరువు. రెండు నెలల్లో జరగాల్సింది ఐదు రోజుల్లో నా మీద జరిగిపోయింది. ఐదో రోజు వాడి కుడి ఎముక కింద నేను కొంచెం ఒదిగాను. ఆరో రోజుకి ఎడమవైపూ ఒదిగాను. మళ్ళీ గట్టిపడదామని చూశాను గానీ నా వల్ల కాలేదు. వాడి ఎముకలు ఎంత ఎడమో, వాడు ఎటు వాలి కూర్చుంటాడో, గుండ్రంగా తిరగడం వల్ల ఎడమవైపు ఎంత ఎక్కువ బరువేస్తాడో, అంతా నాలో అచ్చు పడిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను లొంగిపోయాను.

ఏడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి తవిటయ్య నవ్వాడు. వారంలో మొదటిసారి.

"నొప్పి తగ్గిందేటి మావా?" అంది సన్యాసమ్మ. ఆ ఆరు రోజులూ వాడికి కునుకు పట్టబోతే చాలు, మొహాన నీళ్ళు కొట్టిందీ, పేరు పెట్టి అరిచిందీ ఆమే. నిజానికి ఆమెకి అంత పని పడలేదు. నేను పెట్టే బాధకి వాడికి నిద్రెక్కడిది?

"తగ్గిందే. పరుపు మీద కూకున్నట్టున్నాది. నువ్వెల్లి తానం సేసి, మంచి సీర కట్టుకుని రా. ఐదుగంటలకి బాబు దండేత్తాడు. ఇంక మూడుగంటలే గదా."

ఆమె మొహం విప్పారింది. వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నన్ను చేత్తో తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది, నేనేదో వరమిచ్చినట్టు.

మూడున్నర అయింది. ఎండ తగ్గింది, గాలి తోలింది. వాడి ఎముకలు నా గుంటల్లో సరిగ్గా కుదురుకున్నాయి. మంట లేదు, సలుపు లేదు. ఆరున్నర రోజులుగా వాణ్ణి మెలకువగా ఉంచిన ఒకే ఒక్కటి నా చేత్తో నేనే తీసేశాను. వాడి ఒళ్ళు నా మీద బరువెక్కుతూ ఉండడం నాకు తెలుస్తూనే ఉంది. పెడలు నెమ్మదించింది. నాకు నోరుంటే అరిచేవాణ్ణా? ఏమో, ఈ ప్రశ్న నన్నెవరూ అడగనందుకు సంతోషం.

మేనేజరు జీపు ముందే వచ్చేసింది. గురువులు జీపుకేసి తిరిగి, మైదానానికి వీపు పెట్టి, మైకులో ఎత్తుకున్నాడు. "అదిగో మన బాబు గోరు వచ్చేసినారు! ఏడు రోజులుగా కాలు నేల తాకకుండా, కన్ను మూత పడకుండా, ఆగకుండా తొక్కుతన్న మన ఈరుడు తవిటయ్యని సూడండి!"

అందరూ చూశారు. సైకిలు సున్నపు గీత మీద ఆగి ఉంది. తవిటయ్య ఎడమకాలు నేల మీద పూర్తిగా, చదునుగా ఆనించి, హ్యాండిలు మీదికి వాలి, నా మీదే కూర్చుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత మైదానమంతా నవ్వింది. గురువులు ఇంకా "ఆగకుండా, ఆగకుండా" అంటూనే ఉన్నాడు, నవ్వెందుకో తెలియక.

మేనేజరు దగ్గరికొచ్చి కాసేపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. "పాపం, లేపకండి. పడుకోనివ్వండి" అన్నాడు చాలా దయగా. తర్వాత గురువులు వైపు తిరిగాడు. "గేటు దగ్గర ఇలా పడుకునేవాడు నాకెందుకయ్యా? సరే గానీ, ఈ ఏడు రోజులూ మైకులో అరిచింది నువ్వేనా? రాత్రిపూట మా బంగళాకి కూడా వినిపించింది. నువ్వు పడుకోలేదా?"

"నేదు బాబూ. నాను పడుకుంటే బావ పడుకుండిపోతాడని..."

"మరింకేం? సోమవారం పొద్దున్న నువ్వు రా."

గురువులు బావ వైపు చూశాడు. ఒక్క క్షణం చూశాడు, ఆ క్షణం ఉందని నేను సాక్ష్యం చెబుతాను. తర్వాత రెండు చేతులూ జోడించి "సిత్తం బాబూ" అన్నాడు.

జీపు వెళ్ళిపోయాక సన్యాసమ్మ వచ్చింది. పచ్చ చీర, తలలో కనకాంబరాలు. జనం దారిచ్చారు. అన్న చెప్పింది విని, "నువ్వొప్పుకున్నావా అన్నా?" అంది.

"నానొప్పుకోపోతే ఇంకెవుడికో ఇచ్చేత్తాడు గదే. మనింట్లోనే ఉంటాది గదా" అన్నాడు గురువులు. మైకు ఆపలేదు. ఆ మాట మైదానమంతా విన్నది.

ఆ చప్పుడుకి తవిటయ్యకి మెలకువ వచ్చింది. వచ్చీ రాగానే, ఉలిక్కిపడి, తొక్కడం మొదలెట్టాడు. తను ఆగినట్టే వాడికి తెలియదు. గీత వెంట ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టు తిరిగాడు. కంచె దగ్గర జనం నవ్వుతుంటే తన కోసమేననుకుని చెయ్యెత్తి ఊపాడు కూడా. సన్యాసమ్మ అడ్డంగా వచ్చి హ్యాండిలు పట్టుకుంది.

"దిగు మావా."

"ఐదయిందేటే? అప్పుడే?"

"దిగు."

వాడు ఆమె మొహం చూశాడు, గీత చూశాడు, తన ఎడమ చెప్పుకి అంటిన సున్నం చూశాడు. ఇద్దరు పట్టుకుని నా మీంచి లేపితే నిక్కరూ చర్మమూ కొంత నాకే అంటుకుపోయాయి.

తర్వాత కథ కొంచెమే. పుళ్ళు మానడానికి రెండు నెలలు పట్టింది. "నువ్వెలాగూ తొక్కలేవు గదా" అని గురువులు సైకిలు తీసుకుని మిల్లుకి వెళ్ళేవాడు. నేను వాడి కోసం ఒక్క వెంట్రుకవాసి కూడా మారలేదు. మూడు రోజులకి వాడికి నడుం పట్టేసింది. లోకనాథం దగ్గరికొచ్చి, నన్ను ఊడబీకించి, స్ప్రింగుల రెగ్జిన్ సీటు వేయించుకున్నాడు. నన్ను తుక్కులో పడేశారు. ఆపైన మిల్లువాళ్ళు వాడికి సైకిలిచ్చారు. బావ సైకిలు బావకి తిరిగిచ్చేటప్పుడు మెత్తని సీటు మాత్రం విప్పి తన దానికి బిగించుకున్నాడు. అలా నా మనిషి సైకిలు, సీటు లేని ఉత్త గొట్టంతో ఇంటికి చేరింది.

మొన్న తవిటయ్య ఆ సైకిలు నడిపించుకుంటూ దుకాణానికొచ్చాడు. కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు. మొహం పసుపుపచ్చగా, కళ్ళ కింద ఉబ్బి ఉంది.

"సీటొకటి గావాల. ఆదోరం నించి పక్కూల్లో తొక్కుడు."

 లోకనాథం తుక్కు కుప్పలో వెతికి నన్ను తీసి, బూజు దులిపి, అతని చేతిలో పెట్టాడు. "నీదే. నీ ఒంటికి పడిపోనాది. ఊరికే అట్టుకెల్లు."

తవిటయ్య తన బొటనవేళ్ళు రెండూ నా గుంటల్లో పెట్టి నొక్కాడు. సరిగ్గా అతని చోట్లు. ఆ వేళ్ళ కింద నేను ఎంత మెత్తగా అయిపోయానో నాకే ఆశ్చర్యమేసింది. ఏదీ దాచుకోను ఇక. నన్ను తీసుకెళతాడని ఆశపడ్డాను.

"వద్దు బాబూ" అన్నాడు. "దీనిమీద నిద్దరొచ్చేత్తాది. కొత్తది ఏదైనా, బాగా గట్టిది ఉంటే బిగించీ."

నన్ను కుప్ప మీద జాగ్రత్తగా పెట్టి, లోకనాథం కొత్త సీటు దింపుతుంటే సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.